పొగరు కాదు, పొద్దుతిరుగుడు గింజలు

"ఏమనుకోకండి గానీ, మీ చిలకకి బాగా పొగరండీ" అన్నారు పక్క ఫ్లాట్ ఆంటీ, చూపుడువేలు నోట్లో పెట్టుకుని. పాపం ఆవిడ ప్రేమగా బిస్కెట్ ముక్క అందించబోతే మావాడు బిస్కెట్ వదిలేసి వేలు అందుకున్నాడు. నేను సారీ చెప్పి, డెట్టాల్ ఇచ్చి, చిలకని నాలుగు తిట్టి, పంజరం మీద దుప్పటి కప్పాను. అప్పటికి నా అభిప్రాయం కూడా అదే మరి. దీనికి పొగరు.

సదరు చిలక పేరు లడ్డూ. రామచిలక కాదు, కాకటీల్. ఆస్ట్రేలియా జాతి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, నెత్తిన కుచ్చు, బుగ్గల మీద ఎవరో రంగు అద్దినట్టు నారింజ చుక్కలు. నేనేమీ ముచ్చటపడి కొనలేదు. మా టీమ్‌లో ఒక స్నేహితుడు ఆన్‌సైట్‌కి వెళ్తూ బైకు ఒకరికి, వాషింగ్ మెషీన్ ఒకరికి, లడ్డూని నాకు అప్పగించి పోయాడు. ఆఫీసులో ప్రాజెక్టు చేతులు మారితే రెండు వారాల కేటీ ఉంటుంది. లడ్డూకి ఇచ్చిన కేటీ మూడే ముక్కలు: "గిన్నెలో గింజలు అయిపోతే పోయి, నీళ్లు మార్చు, అప్పుడప్పుడు బిస్కెట్ పెట్టు, పడి చస్తాడు." చివరి మాట దాదాపు నిజమవబోయింది. ఈ రాయడమంతా అందుకే.

మొదటి ఆరు నెలలు బానే గడిచాయి. ఆ తర్వాత మొదలైంది గోల. తెల్లారగట్ల అయిదింటికి కేకలు. ఆఫీసు కాల్‌లో ఉంటే కేకలు. చెయ్యి లోపల పెడితే కరవడం. గింజల గిన్నె కాస్త ఖాళీ అయితే దాన్ని ముక్కుతో పట్టి పంజరానికేసి టంగు టంగున కొట్టడం. ఇంజినీరుని కదా, సమస్యని పరిష్కరించకుండా ఊరుకుంటానా. పంజరం పెద్దది కొన్నాను. గంటలు, అద్దం, ఉయ్యాల కొన్నాను. చిలకలకి క్రమశిక్షణ నేర్పే వీడియోలు రాత్రుళ్లు కూర్చుని చూశాను. అరిస్తే పట్టించుకోవద్దన్నారు, పట్టించుకోలేదు. పట్టించుకోమన్నారు, పట్టించుకున్నాను. ఏం చేసినా బగ్ అక్కడే ఉంది. నేను చూడనిది ఒక్కటే, ఆ గిన్నెలో ఏముందో.

ఓ రోజు పొద్దున్న చూస్తే పంజరం అడుగున తెల్లటి గుడ్డు! అప్పుడు తెలిసింది లడ్డూ 'వాడు' కాదు, 'అది' అని. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ విడతలో అయిదు గుడ్లు పెట్టింది. ఇంట్లో మగపక్షి లేదు కాబట్టి అవి పిల్లలయ్యే గుడ్లు కావు. నెలన్నర తిరక్కుండా మళ్లీ నాలుగు. మేము "గుడ్లు పెట్టే తల్లి కదా, బలం కావాలి" అని గింజలు ఇంకో గుప్పెడు ఎక్కువ పోశాం, పైన పాలలో నానబెట్టిన బిస్కెట్. అంటే మంట మీద నెయ్యి పోస్తూ ఆర్పుతున్నాం అనుకున్నామన్నమాట.

మూడో విడతలో గుడ్డు బయటికి రాలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది, కళ్లు మూతలు పడుతున్నాయి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. చెయ్యి పెడితే కరవలేదు. అన్ని నెలలుగా కరవకుండా ఉంటే బాగుండు అనుకున్నవాణ్ని, ఆ రోజు కరిస్తే బాగుండు అనుకున్నాను.

మియాపూర్ నుంచి ఆటోలో, అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, పక్షుల్ని చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు తూకం వేశారు. 118 గ్రాములు. కాకటీల్ మామూలుగా 80 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. ఎక్స్‌రే తీశారు, కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, వెచ్చగా తేమగా ఉండే పెట్టెలో పెట్టారు. అప్పుడు నన్నడిగారు, "ఏం పెడుతున్నారు దీనికి?"

నేను గర్వంగా చెప్పాను: "ఎప్పుడూ గిన్నె నిండుగా ఉంచుతాం సార్. పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు, బిస్కెట్."

"అన్నీ తింటుందా?"

"గింజలు మాత్రం చాలా ఇష్టంగా తింటుంది సార్."

ఆయన ఏమీ అనలేదు. "అదే" అన్నారంతే.

రాత్రి పదకొండున్నరకి గుడ్డు దిగింది. లడ్డూ బతికింది. నేను ఇంటికొచ్చి తెల్లారేదాకా చదువుతూ కూర్చున్నాను. అప్పుడు తెలిసిన సంగతులు ఇవి.

వంద గ్రాముల పొద్దుతిరుగుడు పప్పులో సగం, అంటే దాదాపు 50 గ్రాములు, కొవ్వే. మనం వంటకి వాడే నూనె ఆ గింజల్లోంచే కదా వచ్చేది, ఆ మాట ఎప్పుడూ తట్టలేదు నాకు. కాల్షియం 80 మిల్లీగ్రాముల దాకా ఉంటే, ఫాస్ఫరస్ 650 మిల్లీగ్రాములకి పైగా ఉంటుంది. పక్షికి కావలసింది దీనికి తలకిందులు, ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఎక్కువ ఉండాలి. ఫాస్ఫరస్ అంత మోతాదులో ఉంటే ఉన్న కాస్త కాల్షియం కూడా సరిగ్గా ఒంటబట్టదు. ఇక ఎ విటమిన్ సంగతంటారా, దాదాపు సున్నా. కొర్రలు, సజ్జల్లాంటి చిరుగింజల్లో కొవ్వు తక్కువే గానీ కాల్షియం, ఎ విటమిన్ విషయంలో అవీ అంతంతమాత్రమే.

గుడ్డు పెంకు అంటే ముప్పాతిక మూడొంతుల పైన కాల్షియం కార్బొనేటే. తిండిలో కాల్షియం లేకపోతే ఆడపక్షి తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకి పెంకు కడుతుంది. ఒక విడత, రెండు విడతలు, మూడు విడతలు. కండరం ముడుచుకోవాలన్నా కాల్షియమే కావాలి. అది అడుగంటిపోయాక గుడ్డుని బయటికి తోసే బలం ఉండదు. మా లడ్డూకి జరిగింది అదే. గిన్నె నిండుగా ఉంది. ఎముకలు ఖాళీ అయ్యాయి.

మరి "మిక్స్" అని అమ్ముతారు కదా, అందులో అన్నీ ఉంటాయి కదా అనొచ్చు. ఉంటాయి. కానీ పొంగల్ గిన్నె ముందు పెడితే జీడిపప్పులు ఏరుకుని తిని పొంగల్ వదిలేసే పిల్లల్ని చూశారా? చిలకా అంతే. ముందు పొద్దుతిరుగుడు గింజలన్నీ ఏరుకుంటుంది. మనం గిన్నె చూసి "అయిపోయాయి" అని మళ్లీ పోస్తాం. కింద మిగిలినవి పారేస్తాం. అంటే సంచీ మీద ఏం రాసి ఉందన్నది లెక్కకాదు, పొట్టలోకి ఏం వెళ్లిందన్నదే లెక్క.

ఇక్కడే నా అసలు అభిప్రాయం చెప్పాలి. చిలకల విషయంలో మనం చేసే పెద్ద తప్పు ఒకే ఒక్క మాటలో ఉంది: "ఇష్టంగా తింటోందిగా!" ఇష్టంగా తినడాన్ని మనం ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకుంటాం. అడవిలో కొవ్వు దొరకడం అరుదు, కాబట్టి దొరికినప్పుడు వదలకుండా తినమని పక్షి ఒంట్లో రాసి ఉంది. అది రోజంతా ఎగిరి, వెతికి, పది రకాలు తిని, మధ్యలో ఎప్పుడో ఒక పొద్దుతిరుగుడు పువ్వు దొరికితే పండగ చేసుకునే పక్షికి పనికొచ్చే ఏర్పాటు. మూడడుగుల పంజరంలో, ఎప్పుడూ ఖాళీ కాని గిన్నె ముందు కూర్చున్న పక్షికి అదే ఏర్పాటు ఉరితాడు. మనకి మిర్చిబజ్జీలంటే ఇష్టం. అంతమాత్రాన మూడు పూటలా అవే పెట్టి "చూడు ఎంత ఇష్టంగా తింటున్నాడో" అని ఎవరూ మురిసిపోరు కదా. (మా అత్తగారు తప్ప.)

బిస్కెట్ లెక్క కూడా చూద్దాం, లెక్కలు మన వృత్తి కాబట్టి. తొంభై గ్రాముల కాకటీల్‌కి రోజుకి కావలసిన శక్తి ఉజ్జాయింపుగా 20 నుంచి 30 కిలోకేలరీలు. ఒక మారీ బిస్కెట్‌లో ఉండేది దాదాపు పాతిక. అంటే మనం "పాపం, ఒక్క బిస్కెట్టే కదా" అనుకున్నది దానికి ఒక రోజు భోజనం మొత్తం. అందులో మైదా, పంచదార, ఉప్పు తప్ప దానికి కావలసింది ఏదీ లేదు. దానికితోడు నేను పాలలో నానబెట్టి పెట్టాను! పక్షులు పాలు తాగి పెరిగే జీవులు కావు, పాలలోని లాక్టోజ్‌ని అరిగించుకునే ఎంజైము వాటికి ఉండదు. ఇది స్కూల్లో చదివిన జీవశాస్త్రమే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, పంజరం దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాం.

సరే, ఆరోగ్యం సంగతి అర్థమైంది. మరి పొగరు?

అక్కడికే వస్తున్నా. కాలేయంలో కొవ్వు పేరుకున్న చిలక మందకొడిగా, చిరాగ్గా ఉంటుంది. ముక్కు, గోళ్లు విపరీతంగా పెరుగుతాయి. ఎ విటమిన్ చాలని చిలకకి నోరు, ముక్కు, గొంతు లోపలి పొర గట్టిపడి పొలుసులు కడుతుంది, ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది. ఒంట్లో బాలేని పక్షి నోరు తెరిచి చెప్పలేదు, కరుస్తుంది. ఇది ఒక దారి.

రెండో దారి ఇంకా ముఖ్యం. పక్షికి సంతానం కనే కాలం ఏదో నిర్ణయించే సూచనల్లో తిండి ఒకటి. తిండి సమృద్ధిగా, కొవ్వుగా, మెత్తగా, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతోందంటే "ఇదే అదను, గూడు కట్టు" అని ఒళ్లు చెబుతుంది. దీనికి పెద్ద ఉదాహరణ న్యూజిలాండ్‌లోని కకాపో, ఎగరలేని పెద్ద చిలక. అది ఏటా గుడ్లు పెట్టదు. రిము అనే చెట్లు విరగకాసే ఏళ్లలోనే పెడుతుంది, ఆ ఏళ్లు రెండు నుంచి నాలుగేళ్లకోసారి వస్తాయి. కాయ లేకపోతే సంసారమే లేదు. ఒక చిలక జాతి మొత్తం ప్రవర్తనని ఒక చెట్టు కాపు నడిపిస్తుంటే, మా ఇంట్లో నిండు గిన్నె లడ్డూని ఏం చేసి ఉంటుంది? ఏడాది పొడుగునా రిము కాసినట్టే ఉంది దానికి. గూడు కాపలా కాసే ఆడపక్షి దగ్గరికి ఎవరైనా చెయ్యి పెడితే కరవక ముద్దుపెడుతుందా? మేము దానికి పేరు పెట్టాం, పొగరు అని.

మూడోది, తినే పద్ధతి. అడవిలో చిలకలకి తిండి వెతుక్కోవడం, ఒలుచుకోవడం రోజులో గంటల తరబడి సాగే పని. పంజరంలో అది కాసేపట్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేస్తుంది? అరుస్తుంది, లేదా తన ఈకలు తనే పీక్కుంటుంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు అమెజాన్ చిలక పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం 2003లో అచ్చయింది. కొన్నిటికి తిండి వెతుక్కుని, తీసుకుని తినే ఏర్పాట్లు, ఎక్కడానికి, కొరకడానికి వస్తువులు ఇచ్చారు. మిగతావాటికి ఇవ్వలేదు. ఇవ్వనివి ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాయి. తర్వాత వాటికీ అవే ఏర్పాట్లు చేస్తే ఈకల పరిస్థితి మెరుగుపడింది. ఏం తింటోందన్నది ఎంత ముఖ్యమో, ఎలా తింటోందన్నదీ అంతే ముఖ్యం అన్నమాట. పెన్షన్ వస్తోంది కదా అని రిటైరయిన మర్నాటి నుంచి ఖాళీగా కూర్చుని ఇంట్లోవాళ్లని సతాయించే పెద్దమనుషులు మనకి తెలియనివాళ్లా?

ఇవన్నీ చదువుతుంటే నాకు లడ్డూ కన్నా ముందు చిట్టి గుర్తొచ్చింది.

చిట్టి మా అమ్మమ్మ పెంచిన రామచిలక. తెనాలి దగ్గర పల్లెటూరు. పంచలో దూలానికి ఇనప పంజరం వేలాడుతుండేది. పొద్దున్నే అమ్మమ్మ తను తినకముందు చిట్టికి పెరుగన్నం పెట్టేది, ఉప్పు వేసి. పదింటికి నానబెట్టిన సెనగపప్పు. సాయంత్రం కాఫీలో ముంచిన బిస్కెట్. మధ్యలో ఒక పండు మిరపకాయ, "మిరపకాయ తింటేనే మాటలొస్తాయిరా" అని. ఊళ్లో కళ్లాల నిండా మిరపకాయలే కాబట్టి వాటికి కరువు లేదు. ఇంట్లో ఎవరికన్నా ముందు చిట్టికే పళ్లెం. అంత ప్రేమ.

2008లో, నేను ఆరో తరగతిలో ఉండగా, వేసవి సెలవులకి వెళ్లేసరికి చిట్టి మాట్లాడటం మానేసింది. తుమ్ములు. ఒక కన్ను కింద వాపు. నోరు తెరిస్తే లోపల తెల్లటి మచ్చలు. ఎవరు దగ్గరికెళ్లినా కరిచేది, చివరికి అమ్మమ్మని కూడా. పిన్ని దిష్టి అంది. ఎర్రనీళ్లు తిప్పి పోశారు. ఎవరో ఊళ్లోకొచ్చిన కొత్త చిలకలవాడి కన్నుపడిందన్నారు. అమ్మమ్మ పెరుగన్నం ఇంకాస్త మెత్తగా కలిపి ముద్దలు చేసి పెట్టింది. పది రోజులకి చనిపోయింది. పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం.

ఎ విటమిన్ లోపం గురించి పశువైద్యులు రాసిన లక్షణాల పట్టిక ఆ రాత్రి చదువుతుంటే, ఒక్కో లైనూ చిట్టిని చూసి రాసినట్టే ఉంది. తుమ్ములు, కంటి కింద వాపు, నోట్లో తెల్లటి మచ్చలు. పరీక్ష చెయ్యకుండా, ఇన్నేళ్ల తర్వాత, అదే రోగమని తేల్చడానికి నేను డాక్టర్ని కాను. కానీ అన్నంలో ఎ విటమిన్ లేదు, సెనగపప్పులో ఉన్నది చాలదు, బిస్కెట్‌లో లేదు. కాఫీలోని కెఫీన్ పక్షుల గుండెకి విషం లాంటిది.

ఆ పళ్లెంలో చిట్టికి పనికొచ్చింది ఒక్కటే ఉంది, ఏమిటో చెప్పుకోండి. ఎర్రటి పండు మిరపకాయ! అందులోని ఎర్ర, పసుపు రంగు పదార్థాల్లో కొన్నిటిని ఒళ్లు ఎ విటమిన్‌గా మార్చుకోగలదు. మరి కారం? మనకి కారం తెలిసేది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం వల్ల. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది గానీ దానికి మిరపలోని కాప్సైసిన్ అంటదు. డేవిడ్ జూలియస్ బృందం 2002లో కోడి గ్రాహకం మీద ఈ సంగతి తేల్చింది. ఆయనకే 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఇంకొకరితో కలిపి. గుంటూరు మిరపకాయని చిలక కళ్లలో నీళ్లు లేకుండా తినేయడం ధైర్యం కాదు, దానికి అసలు మంటే తెలియదు. అందరూ "పాపం, నోరు మండుతుంది" అని అమ్మమ్మని కోప్పడింది ఆ మిరపకాయ గురించే. పెరుగన్నం గురించి ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. మనం ఏది ప్రమాదం అనుకున్నామో అది మందు, ఏది ప్రేమ అనుకున్నామో అది రోగం.

ఇది చెప్పగానే ఒకాయన (మా మావయ్యే లెండి) అన్నాడు, "మా తాతగారి చిలక పాతికేళ్లు అన్నం తినే బతికిందిరా, ఈ విటమిన్ల గొడవ మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు తెచ్చిందే." రోజుకి రెండు పెట్టెల చుట్టలు కాల్చి తొంభై ఏళ్లు బతికిన తాతలూ ఉన్నారు. చుట్ట మంచిదని అర్థమా? బతికిన చిలక కథ పాతికేళ్లు చెప్పుకుంటాం. రెండేళ్లకి, నాలుగేళ్లకి పోయిన చిలకల్ని జామచెట్టు కింద పాతిపెట్టి ఇంకోటి తెచ్చుకుంటాం, అవి కథలోకి రావు. రామచిలక సరిగ్గా చూస్తే పాతికేళ్లు పైనే బతకగల పక్షి. లెక్క అక్కణ్నుంచి మొదలవ్వాలి.

రామచిలక మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పి తీరాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అమ్మమ్మకి ఆ సంగతి తెలియదు, చిన్నప్పుడు నాకూ తెలియదు. ఇప్పుడు తెలుసు. కాబట్టి రామచిలకకి ఏం పెట్టాలని నన్నడిగితే నా సలహా ఒకటే, పెంచకండి. జామచెట్టు వేయండి, అవే వస్తాయి. నేను చెప్పేదంతా ఇప్పటికే ఇళ్లల్లో ఉన్న కాకటీల్స్, లవ్ బర్డ్స్, బడ్జీల లాంటి పైదేశపు పక్షుల గురించి.

అన్నిటికీ తిండే కారణం అనడం లేదు సుమండీ. చీకటి పడ్డా లైట్లు ఆర్పకపోతే కూడా పక్షి గుడ్లు పెడుతూనే ఉంటుంది. మా హాల్లో ట్యూబులైటు అమెరికా కాల్స్ పుణ్యమా అని రాత్రి ఒంటిగంట దాకా వెలిగేది, అంటే లడ్డూకి ఎడతెగని వేసవి. ఒంటరితనం, భయం, ఇన్ఫెక్షన్లు, ఇవన్నీ కారణాలే. ఈకలు పీక్కునే చిలకకి క్యారెట్ పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తే అది ఇంకో మూర్ఖత్వం.

ఇంతకీ నేనేం చేశాను? డాక్టరుగారు మొదట చెప్పింది, "తొందరపడకండి." గింజలకి అలవాటుపడ్డ చిలక ముందు ఉన్నట్టుండి పెల్లెట్లు పెడితే అది తిండే అని దానికి తెలియదు. నిండు గిన్నె ముందే ఆకలితో చచ్చిపోయే చిలకలు ఉన్నాయట. కాబట్టి రోజూ పొద్దున్నే వంటింటి డిజిటల్ కాటా మీద తూకం. ఉన్న బరువులో పదో వంతు తగ్గేలోపే ఆగి డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, ఇదీ రూలు. పెల్లెట్లు చిటికెడు, గింజలు మామూలుగా. వారం వారం ఒకటి పెంచుతూ ఒకటి తగ్గిస్తూ. పదకొండు వారాలు పట్టింది.

ఆకుకూరలు ముట్టుకోలేదు మొదట. చిలక గుంపులో బతికే పక్షి, పక్కవాళ్లు తింటే తింటుంది అని చదివి, దాని ఎదురుగా కూర్చుని పచ్చి మునగాకు నమిలాను. మా ఆవిడ ఆ ఫోటో తీసి బంధువులందరికీ పంపింది. నాలుగో రోజు లడ్డూ నా చేతిలోది లాక్కుని తింది. ఇప్పుడు మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, పండు మిరపకాయ తింటుంది. పాలకూర ఎప్పుడో కాస్త, దాన్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి కాబట్టి. కొరుక్కోవడానికి కటిల్ బోన్. పొద్దుతిరుగుడు గింజలు రోజుకి మూడో నాలుగో, అదీ కాగితంలో చుట్టి, విప్పుకుని తినేలా. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లిపాయ ఛాయలకి కూడా రానివ్వం. పెల్లెట్లు తింటున్న పక్షికి మళ్లీ విటమిన్ చుక్కలు పోయకూడదు, ఎ, డి విటమిన్లు ఎక్కువైనా విషమే. ఎండ కోసం పొద్దున్న కాసేపు బాల్కనీలో పెడతాం, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో డి విటమిన్‌కి కావలసిన కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి.

ఎనిమిది నెలలైంది. లడ్డూ ఇప్పుడు 96 గ్రాములు, పేరు మార్చాలేమో :) గుడ్లు పెట్టలేదు. కరవడం దాదాపు మానేసింది. అరుపులు పూర్తిగా పోలేదు గానీ, అవి మామూలు చిలక అరుపులు. నిజాయితీగా ఒప్పుకోవాలి, నేను తిండి, లైట్లు, ఆటవస్తువులు అన్నీ ఒకేసారి మార్చాను. అయిదు మార్పులు కలిపి ప్రొడక్షన్‌లోకి తోసేసి, దేనివల్ల పనిచేసిందో తెలియని ప్రోగ్రామర్ పరిస్థితి నాది. కానీ రోల్‌బ్యాక్ చేసి చూసే ధైర్యం మాత్రం లేదు.

మొన్న ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. విని కాసేపు ఊరుకుంది. "మన చిట్టిక్కూడా అదేనేంట్రా?" అంది.

"నువ్వు పెట్టిన మిరపకాయలు చాలా మంచివంట అమ్మమ్మా. డాక్టర్లే రాశారు" అన్నాను.

"మరి పెరుగన్నం?"

"అది... అప్పట్లో ఎవరికి తెలుసులే" అన్నాను.

"తెలిస్తే పెట్టకపోదునే" అంది. ఇంకేమీ అనలేదు. తర్వాత లడ్డూ ఏం తింటోందో, ఎంత తింటోందో పక్కాగా అడిగి తెలుసుకుంది.

ఆవిడకి తెలియదు. మనకి ఆ వంక లేదు, జేబులో ఫోన్ ఉంది. కాబట్టి మీ ఇంట్లో చిలక అరుస్తోందనో, కరుస్తోందనో, ఈకలు పీక్కుంటోందనో విసుక్కునే ముందు, దానికి పొగరని పేరు పెట్టే ముందు, ఒక్కసారి గిన్నెలోకి చూడండి. గింజల పొట్టు ఒక్కటే కనబడితే, తూకం వేసి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పక్క ఫ్లాట్ ఆంటీ కూడా లడ్డూతో రాజీపడ్డారు. బిస్కెట్ మాత్రం పెట్టనివ్వం.